గడియారం లేని మేకు

"చంపింది ఆమే" అన్నాడు మాస్టారు, కిటికీ దగ్గర వెనక్కి తిరుగుతూ.

టైపు మిషను ఆగిపోయింది.

ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ముందుగదిలో ఎంతమంది చచ్చారో లెక్క లేదు. కొందరు విషంతో, కొందరు తాడుతో, నిరుడు ఒక బ్యాంకు మేనేజరైతే లిఫ్టు తలుపులో మఫ్లరు ఇరుక్కుని. ఎవరు చచ్చినా, ఎలా చచ్చినా ఆవిడ వేళ్ళు మాత్రం ఆగలేదు. మాస్టారు కిటికీ నుంచి బీరువా దాకా, బీరువా నుంచి కిటికీ దాకా నడుస్తూ కథ చెబుతాడు. ఆవిడ కొడుతుంది. ఆయన "తలుపు తీసి చూస్తే" అనేసరికి ఆవిడ "శవం" అని కొట్టేసి, బోర్లా పడి ఉందా, వెల్లకిలా పడి ఉందా అన్నట్టు ఆయన నోటివైపు చూస్తూ కూర్చుంటుంది.

అందుకే ఆవిడని అందరూ రైలు అంటారు. ఆ పేరు పెట్టింది భర్త కాదు. పెళ్ళికి ముందు పనిచేసిన టైపు సెంటరు ఓనరు. "ఈ పిల్ల సిగ్నల్ పడకముందే బయల్దేరే రైలు" అని వచ్చిన ప్రతి మనిషికీ గొప్పగా చెప్పేవాడు. లాయర్లు, కాంట్రాక్టర్లు, రాజీనామా చెయ్యబోయే గుమాస్తాలు, ఎవరొచ్చి చెప్పినా వాళ్ళ వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం కాగితం మీద ఉండేది. మనుషులందరూ ఒకేలా మాట్లాడతారనీ, మొదట్లో నాలుగు మాటలు వింటే చివరి నాలుగూ తెలిసిపోతాయనీ ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేసిన మగవాడు లోకంలో ఒక్కడే.

ఇప్పుడు మాస్టారు చంపిస్తున్నది సరిగ్గా ఆ మనిషిని. చంపిస్తున్నది ఆవిడ చేత. ఆ సంగతి మాస్టారికి తెలియదనే ఆవిడ అనుకుంటోంది.

"ఆగావేం?" అన్నాడాయన.

"రిబ్బను చిక్కుకుంది" అంది రైలు.

రిబ్బను నిక్షేపంలా ఉంది.

*

పెద్దాయన అంటే చాలు, వేరే పేరు అక్కర్లేదు. బడిపిల్లల దగ్గర్నుంచి జైల్లో ఖైదీల దాకా ఆయన పుస్తకాలు చదవనివాళ్ళు లేరు. నిరుడు తన ఇంట్లోనే మెట్ల మీద నుంచి జారిపడి పోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరినైనా ప్రేమించాడన్న ఆనవాలు కూడా లేదు. జీవితచరిత్ర రాస్తామని బయల్దేరినవాళ్ళు ఆయన డాక్టర్ని అడిగారు, బట్టలు ఇస్త్రీ చేసినవాణ్ని అడిగారు, పక్కింటివాళ్ళ కుక్కని తప్ప అందర్నీ అడిగారు. కొండను తవ్వారు గానీ ఎలుక కూడా దొరకలేదు. ఆయన ప్రేమించింది అక్షరాన్నే అని తీర్మానించి, ఒక సభ పెట్టి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

వారపత్రిక ఎడిటరు అంత తేలిగ్గా వెళ్ళిపోయే రకం కాదు. మాస్టారి దగ్గరికొచ్చి, మనిషన్నాక ఎవరో ఒకరు ఉండే ఉంటారు గురువుగారూ, మీరు ఊహించండి, ఊహకి సాక్షులక్కర్లేదు అన్నాడు. పేరు పెట్టకుండా 'రచయిత' అని రాస్తే చాలు, ఎవరో లోకానికి తెలుస్తుంది. మాస్టారు ఎగిరి గంతేశాడు. పాఠకులు ఆయన్ని మలుపుల మాస్టారు అంటారు. జీవితమంతా హంతకుల్ని పట్టుకున్నవాడికి ఒక ప్రియురాల్ని పట్టుకోవడం ఎంతసేపు?

పట్టుకున్నాడు. నాటకాల్లో వేషాలు వేసే అందగత్తె. నల్ల కారు, మోచేతుల దాకా గ్లవుజులు, కళ్ళల్లో అంతుచిక్కని రహస్యం. మొదటి వారం కొడుతున్నప్పుడు నవ్వు ఆపుకోలేక రైలుకి దగ్గొచ్చింది. పాపం మాస్టారు వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

గ్లవుజులట. రైలు జీవితంలో గ్లవుజులు వేసుకుంది ఒక్కసారే, పొయ్యి పొగగొట్టం శుభ్రం చెయ్యడానికి.

*

ఆ టైపు సెంటరు గడియారాలు రిపేరు చేసే షాపు మీద ఉండేది. బయటి నుంచి ఇనప మెట్లు. పైన ఒకే గది, బల్లల మీద మిషన్లు, గోడ మీద ఒక మేకు. ఆ మేకుకి ఉండాల్సిన గడియారం రిపేరుకని కింది షాపుకి దిగింది. దిగినది మళ్ళీ ఎక్కలేదు. ఓనరుని అడిగితే "బాగవుతోంది" అనేవాడు. ఆ బాగవడం ఏళ్ళ తరబడి సాగింది.

పెద్దాయన అప్పటికి పెద్దాయన కాదు. సైకిల్ మీద నుంచి పడి కుడి మణికట్టుకి సిమెంటు కట్టు వేయించుకున్న మామూలు మనిషి. నవల సగంలో ఉంది, చెయ్యి ఆడదు, అందుకని మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వెళ్ళి గోడకి అభిముఖంగా, నుదురు ఆనించినంత దగ్గరగా, ఆ మేకు కింద నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు.

"వాన మొదలవగానే ఆ ఇంట్లో అందరూ" అన్నాడు.

రైలు "కిటికీలు మూశారు" అని కొట్టేసింది.

"చెప్పులు విప్పారు" అన్నాడు ఆయన.

ఆవిడ కాగితం లాగేసి కొత్తది ఎక్కించాల్సి వచ్చింది. అలా ఎప్పుడూ జరగలేదు. ఒళ్ళు మండింది. చెప్పులెందుకు విప్పారని అడిగితే, తర్వాతి వాక్యంలో తెలుస్తుంది అన్నాడు గోడవైపే చూస్తూ. ఆ రోజు సాయంత్రానికి చెత్తబుట్ట నిండిపోయింది. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని, రేపు వాడి వాక్యం ఎలా పట్టుకోవాలా అని ఆలోచిస్తూ తన స్టాపు దాటిపోయింది.

నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన "తలుపు కొట్టినవాడు లోపలికి రాలేదు, ఎందుకంటే" అన్నాడు. రైలు వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఆయన "తలుపు తెరిచే ఉంది" అని ముగించేసరికి గదిలో నిశ్శబ్దం. ఆయన చెప్పకముందే మిషను ఆగిపోయిందని ఆయనకి అర్థమైంది.

"కొట్టేశావా?" అన్నాడు.

"కొట్టేశాను."

ఆయన వెనక్కి తిరగలేదు. తలెత్తి, గడియారం లేని ఆ మేకుని చూసి, "టైమెంతయింది?" అని అడిగాడు. తెలియదంది రైలు. "మంచిది" అన్నాడు.

అంతే. వాళ్ళిద్దరి మధ్య ప్రేమని ప్రకటించిన మాట ఏదైనా ఉందంటే అదే. కట్టు విప్పాక, చెయ్యి బాగా ఆడుతున్నా, ఆయన మెట్లెక్కి వస్తూనే ఉన్నాడు. సాయంత్రాలు బస్సు డిపో గోడ పక్కన నడిచేవాళ్ళు. రైలు మాట్లాడేది, ఆయన వినేవాడు. అంత బాగా వినే మగవాణ్ని ఆవిడ చూడలేదు. ఆ వినడం ఎందుకో తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

ఒక సాయంత్రం ఏదో మాట మీద మాట పెరిగి ఆవిడ అంది, మీరు నా మాట వినడం లేదు, దాచుకుంటున్నారు అని. మర్నాడు పొద్దున్న ఆయన గోడకి తిరిగి నిలబడి కొత్త అధ్యాయం చెప్పాడు. అందులో ఒక ఆడమనిషి తన వాడితో, "మీరు నా మాట వినడం లేదు" అంది. మిగతా సగం రైలు ముందే కొట్టేసింది. కొట్టకేం, తన మాటేగా. అధ్యాయమంతా అదే. ముందు రోజు డిపో పక్కన తనన్న ప్రతి మాటా వరసగా వచ్చి తన వేళ్ళ కిందే పడుతోంది.

ఆవిడ ఆఖరి మాట దాకా కొట్టింది. కాగితాలు సర్ది ఆయన చేతికిచ్చింది. మిషను మీద గుడ్డ కప్పి, రేపట్నుంచి ఇంకో టైపిస్టుని చూసుకోండి అంది. ఆయన బతిమాలలేదు.

పుస్తకం వచ్చినప్పుడు రైలు ఒక కాపీ కొని, నిలబడే తిరగేసింది. ఆ అధ్యాయం లేదు. ముందున్నది ఉంది, తర్వాతది ఉంది, మధ్యలోది తీసేశాడు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. జీవితచరిత్రలవాళ్ళకి ఎలుక దొరకనిది అందుకే. ఆ అధ్యాయం తీసెయ్యడమే ఆయన చెప్పుకున్న సంజాయిషీ. ఆవిడ దాన్ని పుచ్చుకుని, పుస్తకం మూసి, ఇంటికెళ్ళి వంట చేసింది. అప్పటికే ఆవిడ మాస్టారి పెళ్ళాం.

మాస్టారు కూడా ఆ మెట్లెక్కి వచ్చినవాడే. చంకలో డిటెక్టివ్ సీరియలు, జేబులో గడువు. ఆయన వాక్యాలన్నీ రైలుకి ముందే తెలిసేవి, తెలుస్తుంటే హాయిగా ఉండేది. ఈలోగా ఎప్పుడో గడియారం తిరిగి ఆ గోడెక్కింది. ఎవరు తెచ్చారో రైలు పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఆవిడ ఆ గోడవైపు చూడటం మానేసింది. ఒకనాడు మాస్టారు కథ చెబుతూ చెబుతూ ఆగి, "మీకు అభ్యంతరం లేకపోతే" అన్నాడు. ఆవిడ "లేదు" అని కొట్టింది. ఆ కాగితం మీదే ముహూర్తం ఖాయమైనట్టు లెక్క.

*

సీరియలు మూడో వారంలో జరిగింది తప్పు. మాస్టారు "ఆయన ఆమె కళ్ళలోకి" అన్నాడు. రైలు ఎప్పటిలాగే ముందుకెళ్ళిపోయింది. కానీ వేళ్ళు వెళ్ళింది మాస్టారి దారిలో కాదు. "చూడలేదు. గడియారం లేని మేకువైపు చూసి టైమెంత అని అడిగాడు. తెలియదంది. మంచిదన్నాడు." కొట్టేశాక చూసుకుంది. తీసేద్దామనుకుంది. తీసెయ్యలేదు. కొట్టిన కాగితాన్ని మాస్టారు మళ్ళీ చదవడు. చదివితే రాయబుద్ధి కాదంటాడు. కవరులో పెట్టి పంపించేశారు.

ఎడిటరు ఫోన్ చేసి ఆ మేకు అద్భుతం గురువుగారూ అన్నాడట. మాస్టారు వినయంగా "ఏదో" అన్నాడు. అప్పట్నుంచీ వారానికొకటి. డిపో గోడ పక్కన నడకలు కథలోకి వచ్చాయి. గోడకి తిరిగి కథ చెప్పడం వచ్చింది. గ్లవుజులు తగ్గిపోయాయి, నల్ల కారు గ్యారేజీకెళ్ళి తిరిగి రాలేదు. పాఠకులు వెర్రెత్తిపోయారు. రైలుకీ, ఎందుకు కాదనాలి, బాగానే ఉంది. ఆ మనిషి తీసేసిన అధ్యాయం ఆవిడ చేతుల మీదుగా కొంచెం కొంచెం తిరిగొస్తోంది.

సరిగ్గా ఆ సమయంలో మాస్టారు "చంపింది ఆమే" అన్నాడు.

ఆయన వివరంగా చెప్పాడు. మెట్ల మీద నుంచి జారడమంటే పాఠకులు ఒప్పుకోరు. జారినవాడి వెనక తోసినవాళ్ళుండాలి. ఆఖరి వారంలో ఆమె వస్తుంది, వెనక నిలబడుతుంది, తోస్తుంది. పత్రికలో ప్రకటన కూడా వేసేశారు: మహారచయితను చంపిన ప్రియురాలు, వచ్చే సంచికలో.

ఊహే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. మాస్టారు రాసింది జనం నమ్ముతారు. ఒకసారి సీరియల్లో మందుల షాపువాడు విషమిచ్చాడని రాస్తే, వీధి చివర షాపులో చాన్నాళ్ళు దగ్గుమందు అమ్ముడుపోలేదు. రేపట్నుంచి పెద్దాయన పేరెత్తితే, ఆయన్ని చంపిందట, ఒకతె ఉండేదట అంటారు. నోరు మూసుకుంటే రైలు హంతకురాలు. నోరు తెరిస్తే? మాస్టారు ఇల్లు విడిచిపోడు, గిన్నెలు విసరడు. కానీ ఆయన వాక్యాన్ని సగంలో వదిలేసి నిశ్చింతగా కిటికీ దాకా నడిచి వెళ్తాడే, మిగతాది ఆవిడ చూసుకుంటుందన్న ఆ ధీమా పోతుంది. ఆ ధీమా మీదే ఆ కాపురం నడిచింది.

*

ప్రకటన చూసి పెద్దాయన చెల్లెలు వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో మడత గొడుగు, జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన గొంతు. కుర్చీలో కూర్చుని, బాబూ, నువ్వు రాసింది మొదట్లో విసిరికొట్టాను, మధ్యలో ఏరుకుని చదివాను, ఇప్పుడు అడగడానికొచ్చాను అంది. రైలు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మా అన్నయ్య గోడకి తిరిగి కథ చెప్పేవాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారండీ? ఊహ" అన్నాడు మాస్టారు.

చిన్నప్పుడు నాన్నకి పాఠం అప్పజెప్పాలంటే ఆయన ముఖం చూస్తే భయమేసి, గోడకి తిరిగి చెప్పేవాడట. అది నాన్నకీ, అన్నాచెల్లెళ్ళకీ తప్ప ఇంకో మనిషికి తెలియదట. మాస్టారు చేతులు చాపి, మరి నా ఊహ అంత గొప్పదన్నమాట అన్నాడు. రైలు తేలు కుట్టిన దొంగలా గ్లాసు బల్ల మీద పెట్టింది.

"పెళ్ళెందుకు చేసుకోలేదని ఒక్కసారే అడిగాను" అంది చెల్లెలు. "నా వాక్యం నాకంటే ముందే తెలిసిన మనిషి ఒకతె ఉండేది, ఆమె మాటని నేను దొంగిలించాను, అన్నాడు. ఏదో కవిత్వం చెబుతున్నాడనుకుని ఊరుకున్నా. నువ్వు ఆ మనిషి మీద హత్య మోపుతున్నావు. లేదనుకుని మోపుతున్నావు. ఉంటే?"

మాస్టారు పక్కకి తిరిగి, "రైలూ, అమ్మగారికి టీ పెట్టు" అన్నాడు.

"రైలేంటి?" అంది చెల్లెలు.

"మా ఆవిడండీ. నేను సగం చెప్పేసరికి మిగతా సగం కొట్టేస్తుంది."

చెల్లెలు రైలు వేళ్ళవైపు చూసింది. టీ వచ్చాక నెమ్మదిగా, మొత్తం తాగింది. వెళ్తూ గుమ్మంలో రైలు చెయ్యి పట్టుకుని, "గోళ్ళు ఎప్పుడూ కత్తిరించుకునే ఉంటావు కాబోలమ్మా" అంది. ఆఖరి వారం తప్పకుండా చదువుతానని చెప్పి, గొడుగు విప్పుకుని ఎండలోకి దిగింది.

మాస్టారు కూనిరాగం తీస్తూ పేపరు తిరగేస్తున్నాడు. ఈయన హంతకుల్ని కాగితం మీద తప్ప ఎక్కడా పట్టుకోలేడు అనుకుంది రైలు.

*

తేలికైన దారి ఒకటి ఉంది. మాస్టారు "తోసింది" అంటాడు, తను "జారాడు" అని కొడుతుంది, కవరు వెళ్ళిపోతుంది. మర్నాడు పొద్దున్న మిషను మీద గుడ్డ తీస్తున్నంతవరకూ రైలు అలాగే చేద్దామనుకుంది. గుడ్డ మడత పెడుతుంటే, ఇలాంటి గుడ్డనే ఒకసారి కోపంగా కప్పిన సంగతి గుర్తొచ్చింది. అడక్కుండా తన మాటలు తీసుకున్నాడని ఒకణ్ని వదిలేసి వచ్చింది. ఇన్ని వారాలుగా, అడక్కుండా, ఇంకొకడి కథలో తన మాటలు దూర్చింది. ఇప్పుడు ముగింపు కూడా ఎత్తుకుపోతే, ఆ రోజు మెట్లు దిగి వచ్చినదానికి అర్థమేముంది?

చెప్పాలి. నోటితో చెప్పాలి. అనుకున్నాక చేతులు తేలికయ్యాయి. కాగితం ఎక్కించింది.

మాస్టారు నడక మొదలుపెట్టాడు. సాయంత్రం వెలుగు, మెట్ల మలుపు, పైమెట్టు మీద రచయిత. బాగానే చెబుతున్నాడు. రైలు ఎప్పటిలా అరవాక్యం ముందుంది. వెనక అడుగుల చప్పుడు. చీర కుచ్చిళ్ళ గరగర.

"ఆమె చెయ్యి ఆయన వీపు మీదికి వెళ్ళింది. వెళ్ళి" అన్నాడు మాస్టారు. అని ఆగి, కిటికీ దగ్గరకెళ్ళి, బయటికి చూస్తూ నిలబడ్డాడు.

రైలు చేతులు మిషను మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను తొయ్యలేదు" అంది.

వీధిలో ఎవరో షట్టరు పైకెత్తారు. ఆ చప్పుడు అయిపోయేదాకా మాస్టారు కదల్లేదు. ఆయన ఏమంటాడో రైలుకి తెలుసు. "ఏమన్నావు?" అంటాడు, లేకపోతే "ఎవరు?" అంటాడు, లేకపోతే "ఎన్నాళ్ళు?" అంటాడు. మూడింటికీ జవాబులు సిద్ధంగా పెట్టుకుంది.

"ఆ మేకుకి గడియారం తగిలించింది నేనే కదా" అన్నాడు మాస్టారు.

ఆవిడ ముందుకెళ్ళలేకపోయింది. ఆ వాక్యం ఎటు నుంచి వచ్చిందో, ఎటు పోతుందో అంతుపట్టలేదు. "ఏంటి?" అంది.

మాస్టారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. మొదటిసారి టైపు సెంటరుకి వచ్చిన రోజున టైము చూద్దామని గోడవైపు చూస్తే మేకు కనిపించిందట. గడువు మీద బతికేవాడికి గడియారం లేని గది అంటే ఊపిరాడదు. కిందికి దిగి రిపేరువాడితో పోట్లాడితే, అది ఏనాడో బాగైందండీ, పట్టుకెళ్ళేవాడే లేడు అన్నాడట. భుజాన పెట్టుకుని తెచ్చి, రైలు పక్కన కుర్చీ వేసుకుని ఎక్కి తగిలించాడట. "నువ్వప్పుడు లాయరు నోటీసు కొడుతున్నావు. తలెత్తి చూడలేదు."

మూడో వారం ఎడిటరు మేకు గురించి ఫోన్లో చదివి వినిపించగానే, అది తను చెప్పిన మాట కాదని తెలిసింది. ఏ మేకో తెలిసింది. ఆ గదికి కట్టు కట్టుకున్న చేత్తో ఎవరో రచయిత వచ్చేవాడని ఓనరు చెప్పే కబుర్లు గుర్తొచ్చాయి. అక్కణ్నుంచి వాక్యాలు సగంలో కావాలనే వదిలేశాడు.

"మూడో వారం నుంచి తెలిసి, అడగలేదేం?"

"అడిగితే ఏం లాభం? నా ప్రశ్న సగంలో ఉండగానే నువ్వు జవాబు కొట్టేస్తావు. నీకు కావలసిన జవాబు."

"అందుకని హత్య మోపుతారా?"

"నా డిటెక్టివులందరూ చేసేదే. చేసింది ఒప్పుకోనివాళ్ళ మీద చెయ్యని నేరం మోపాలి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు."

రైలుకి నిజంగా కోపం వచ్చింది. ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి తనకి ముద్ద దిగలేదంది. నాకూ దిగలేదు, నువ్వు చూడలేదు అన్నాడాయన. అది నిజమే. చూడలేదు. ఆఖరికి రైలే అంది, మీ కథలో నా మాటలు పెట్టాను, అడక్కుండా, అది తప్పే అని.

"కథలో బాగున్నవి అవేనన్నాడు ఎడిటరు" అన్నాడు మాస్టారు. "వాణ్ని మాత్రం నేను క్షమించను."

లేచి బీరువా దాకా వెళ్ళాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఆ ప్రశ్న ఏదో రైలుకి ముందే తెలుసు, కానీ పూర్తిగా అడగనిచ్చింది.

"ఆయన వాక్యాలు బాగుంటాయా, నావా?"

"ఆయనవి" అంది రైలు. "తర్వాత మాట ఏదో ఎప్పుడూ తెలిసేది కాదు."

"మరి నావి?"

"మీవి శుక్రవారానికి అందుతాయి."

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మెచ్చుకోలే అని నిర్ణయానికొచ్చాడు.

"ఇవాళ ఒకటి మాత్రం నాకు తెలియలేదు" అంది రైలు.

"ఏది?"

"గడియారం."

అంతకంటే పెద్ద బహుమతి ఆయనకి ఏ పత్రికా ఇవ్వలేదు. మొహం చాటంత చేసుకుని కిటికీ దాకా వెళ్ళి, నవ్వు దాచుకోవడానికి కర్టెను సర్దాడు. అంతలోనే గడువు గుర్తొచ్చింది. ప్రకటన వేసేశారు, హంతకురాలని డప్పు కొట్టేశారు, ఇప్పుడు ఆఖరి వారం ఏం చెయ్యాలి అన్నాడు.

అనుమానించామని చెప్పండి, మలుపులు మీ వృత్తేగా అంది రైలు. మెట్ల మీద నుంచి జారడానికి ఎవరూ తొయ్యక్కర్లేదు. పెద్దవయసు చాలు. పోతే ఆమె మీద అనుమానం తీరాలంటే ఆ సమయానికి ఎక్కడుందో చూపించాలి. చూపిద్దాం. ఇంకో ఇంట్లో, ఇంకో మగవాడు నడుస్తూ చెబుతుంటే, లిఫ్టు తలుపులో మఫ్లరు ఇరుక్కున్న బ్యాంకు మేనేజరు శవాన్ని టైపు చేస్తోంది.

మాస్టారు కర్టెను వదిలేసి వెనక్కి వచ్చాడు. ఆమెకి మొగుడున్నాడని ఆఖరి వారంలో తేలడం! తనకి తట్టనందుకు కొంచెం కుళ్ళుకున్నాడు కూడా. తర్వాత రైలు భుజం తట్టి, "లే" అన్నాడు. "నువ్వు చెప్పు. నేను కొడతాను."

"మీకొచ్చా?"

"ఒక వేలితో వచ్చు."

ఆయన మిషను ముందు సర్దుకున్నాడు. రైలుకి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. నడుస్తూ చెప్పడం అలవాటు లేదు. గోడవైపు చూసి, వద్దనుకుని, ఆయనకి ఎదురుగా, బీరువాకి వీపు ఆనించి నిలబడింది. జాగ్రత్తగా కొట్టమని చెప్పింది. పెద్దాయన చెల్లెలు చదువుతుంది, చదివాక ఆదివారం తనే వెళ్ళి ఆవిణ్ని కలుస్తుంది, అప్పుడు ఒక్క తప్పు కూడా కనిపించకూడదు.

"ఆ సాయంత్రం మెట్ల మీద ఆయన వెనక" అంది. అని, ఒక్క క్షణం ఆగింది.

టక్, టక్, టక్. మాస్టారి వేలు ఆగకుండా పోతూనే ఉంది.

"ఏం కొట్టారు?"

"ఒక నీడ" అన్నాడు మాస్టారు, తప్పు చేసిన పిల్లాడిలా.

"చెరిపెయ్యండి. ఎవరూ లేరు" అంది రైలు. "సిగ్నల్ పడకముందే బయల్దేరకండి."